ఆ తర్వాత ఏమైంది? ఆర్‌బీటీ రెండోసారి రాసి పాసయ్యాక

మొన్న ఆర్‌బీటీ (రిజిస్టర్డ్ బిహేవియర్ టెక్నీషియన్, అంటే సూపర్‌వైజర్ కింద పిల్లల ప్రవర్తన మీద పనిచేసేవాళ్ల సర్టిఫికెట్ పరీక్ష) పాసయ్యాను. రెండు నెలల కిందట అదే సెంటర్‌లో అదే పరీక్ష తప్పాను. ఇప్పుడు ప్రిపేరవుతున్నవాళ్లకు నా పాస్ కన్నా ఆ తప్పడమే ఎక్కువ పనికొస్తుందనిపించి, ఆ వేడి తగ్గకముందే రాస్తున్నాను.

పరీక్ష ఎలా ఉంటుందో మీకు తెలుసు. 85 ప్రశ్నలు, 90 నిమిషాలు, లెక్కలోకి వచ్చేవి 75. మిగతా 10 ఏవో మనకు తెలియవు కాబట్టి అన్నీ ఒకేలా రాయాలి. అందులోకి వెళ్లను. ప్రశ్నలు బయటపెట్టబోమని మాట ఇచ్చి రాసిన పరీక్ష ఇది. అందుకే కింది ఉదాహరణలన్నీ నావే, పరీక్షలోవి కావు.

మొదటిసారి నేను చదవకుండా వెళ్లలేదు. 40 గంటల ట్రైనింగ్‌ను 5 రోజుల కన్నా ముందు ముగించకూడదు, 180 రోజులు దాటకూడదు కదా, నేను 6 రోజుల్లో ముగించాను. అప్పట్లో అది గొప్పగా అనిపించింది. రెండు వందలకు పైగా ఫ్లాష్ కార్డులు రాసుకున్నాను. నిద్రలో లేపి అడిగినా నిర్వచనం చెప్పేదాన్ని. 55 నిమిషాలకే పేపర్ అయిపోయింది. సబ్మిట్ నొక్కాను, తప్పాను.

ఎందుకు తప్పానో తెలుసుకోవడానికి రెండు వారాలు పట్టింది. పరీక్ష నిర్వచనం అడగదు. ఒక సంఘటన చెప్పి, ఇందులో జరిగిందేమిటి అంటుంది. నేను ఆ సంఘటనలో పెద్దవాళ్ల ముఖం చూసేదాన్ని. టీచర్ కోప్పడింది, కాబట్టి పనిష్‌మెంట్ (ప్రవర్తనను తగ్గించేది). మెచ్చుకుంది, కాబట్టి రీఇన్‌ఫోర్స్‌మెంట్ (ప్రవర్తనను పెంచేది). ఏదో తీసేసింది, కాబట్టి నెగెటివ్, అంటే ఏదో చెడ్డది. చిన్నప్పటి నుంచి నెగెటివ్ అంటే చెడు అనే విన్నాం. ఆ అర్థం నిర్వచనం పక్కనే కూర్చుని ఉంటుంది, టెన్షన్‌లో ముందుగా అదే గుర్తొస్తుంది.

ఆ చిక్కు విడిపోయింది ఒక పిల్లవాడి వల్ల. ఎవరో తెలియకుండా వివరాలు మార్చి చెబుతున్నాను. అప్పటికి నేను ట్రైనీగా సెషన్లలో డేటా రాస్తున్నాను. బొమ్మల కార్డులు జత చేసే పని మొదలవగానే అతను కార్డులన్నీ విసిరేసేవాడు. విసిరిన ప్రతిసారీ రెండు నిమిషాలు మూలనున్న కుర్చీలో కూర్చోబెట్టాలని ప్లాన్‌లో ఉంది. ఒక రోజు సూపర్‌వైజర్ నన్ను పక్కకు పిలిచి, ఆ కుర్చీ ఏమిటో చెప్పండి అన్నారు. టైమౌట్, అంటే నెగెటివ్ పనిష్‌మెంట్ అన్నాను, తడుముకోకుండా. ఆవిడ ఏమీ అనలేదు. నేనే గీసిన గ్రాఫ్ నా ముందు పెట్టారు. అరగంట సెషన్‌లో విసరడం మొదట 4 సార్లు, వారం తర్వాత 7, ఆ పై వారం 11.

"కుర్చీలో కూర్చోబెట్టాక విసరడం ఏమైంది?" అని అడిగారు.

పెరిగింది. పెరిగిందని నా చేత్తోనే చుక్కలు పెట్టాను, మూడు వారాలుగా. అయినా నోటితో పనిష్‌మెంట్ అంటున్నాను. ప్రవర్తన పెరుగుతుంటే దాని తర్వాత వచ్చింది పనిష్‌మెంట్ ఎలా అవుతుంది? పిల్లవాడి వైపు నుంచి చూస్తే జరిగింది ఇది: ముందు కష్టమైన పని ఉంది, విసిరాడు, పని పోయింది. ఇష్టంలేనిది తొలగిపోయింది, ప్రవర్తన పెరిగింది. నెగెటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్. మేము శిక్ష అనుకున్నది అతనికి విశ్రాంతి.

తర్వాత ఇంకో మాట నాకు నేనే గమనించాను, ఇది ఏ ఫ్లాష్ కార్డు మీదా లేదు. అతను కుర్చీలోకి వెళ్లగానే గది ప్రశాంతమయ్యేది. ఆ గోల ఆగడం మాకు హాయిగా ఉండేది. అంటే అతన్ని అక్కడికి పంపే మా అలవాటు కూడా నెగెటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ మీదే నిలబడింది. ఇద్దరం ఒకరికొకరం నేర్పుకుంటున్నాం.

ఆ రోజు నుంచి ప్రతి సంఘటననూ రెండు ప్రశ్నలతో చూడటం మొదలుపెట్టాను, వరస కూడా ముఖ్యమే. ముందు అడగాల్సింది: ఆ తర్వాత ఆ ప్రవర్తన ఏమైంది? పెరిగితే రీఇన్‌ఫోర్స్‌మెంట్, తగ్గితే పనిష్‌మెంట్. దాని తర్వాతే రెండోది: ఏదైనా వచ్చి చేరిందా, ఉన్నది పోయిందా? పాజిటివ్ అంటే కూడిక, నెగెటివ్ అంటే తీసివేత. మంచి చెడులతో పని లేదు. తలనొప్పికి మాత్ర వేసుకుంటే నొప్పి పోయింది, ఈసారి నొప్పి వస్తే మళ్లీ మాత్ర వెతుక్కుంటాం: నెగెటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్. తిట్టిన కొద్దీ అల్లరి పెరుగుతోందా, ఆ తిట్టు పాజిటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్, ఎంత కఠినంగా తిట్టినా సరే. చాక్లెట్ ఇచ్చినా ఆ పని చేయడం పెరగలేదా, అయితే ఆ పిల్లవాడికి ఆ సమయంలో చాక్లెట్ రీఇన్‌ఫోర్సర్ కాదు. బహుశా అప్పుడే భోంచేసి ఉంటాడు, మోటివేటింగ్ ఆపరేషన్ (ఒకదాని మీద కోరికను ఆ సమయానికి పెంచే, తగ్గించే పరిస్థితి) అంటే ఇదే.

ఈ ఒక్క పిల్లవాడి కథలో సిలబస్ సగం ఉంది. ప్లాన్ మార్చారు. విసిరితే పని ఆగదు, ఇక్కడ ఎక్స్‌టింక్షన్ (ఆ ప్రవర్తనకు ఇన్నాళ్లూ దొరికిన ఫలితం ఇక దొరకకుండా చేయడం) అంటే అదే. ఎక్స్‌టింక్షన్ అంటే పట్టించుకోకపోవడం అని చాలామంది రాసుకుంటారు, నేనూ రాసుకున్నాను. అటెన్షన్ కోసం చేసే ప్రవర్తనకైతే అది సరే. పని తప్పించుకోవడానికి విసిరేవాడిని పట్టించుకోకుండా వదిలేస్తే పని తప్పినట్టే, అంటే అతను కోరుకున్నదే ఇచ్చినట్టు. ఫంక్షన్, అంటే ఆ ప్రవర్తన దేనికోసమో, తెలియకుండా ఎక్స్‌టింక్షన్ అనే మాటకు అర్థమే లేదు. ఎస్కేప్ (తప్పించుకోవడం), అటెన్షన్, టాంజిబుల్ (వస్తువు కోసం), ఆటోమేటిక్ (ఆ పనిలోనే దొరికే హాయి కోసం), ఈ నాలుగింటికీ ఎక్స్‌టింక్షన్ నాలుగు రకాలుగా ఉంటుందని పక్కపక్కన రాసుకోండి. దానితో పాటు అతనికి బ్రేక్ కార్డు ఇవ్వడం నేర్పారు. కార్డు ఇస్తే విశ్రాంతి వెంటనే దొరుకుతుంది. అదే ఫంక్షన్, మర్యాదైన దారి. ఇది డీఆర్‌ఏ, అంటే బదులుగా చేసే ప్రవర్తనకు రీఇన్‌ఫోర్స్‌మెంట్ ఇవ్వడం. మొదటి మూడు రోజులు విసరడం ఇంకా పెరిగింది, కార్డులతో పాటు డబ్బా కూడా విసిరాడు. ఎక్స్‌టింక్షన్ బర్స్ట్. చదివినప్పుడు అది ఒక వాక్యం. గదిలో నిలబడి చూస్తే, ప్లాన్ పనిచేయడం లేదు వదిలేద్దాం అనిపించే క్షణం. సరిగ్గా అప్పుడు వదిలేస్తే ఏ ప్రవర్తనకు రీఇన్‌ఫోర్స్‌మెంట్ అందుతుందో ఆలోచించండి.

డీఆర్‌ఓ, డీఆర్‌ఐ కూడా ఇక్కడే తేల్చుకోవచ్చు. డీఆర్‌ఐలో రీఇన్‌ఫోర్స్‌మెంట్ ఇచ్చేది విసరడంతో ఒకేసారి చేయలేని పనికి, చేతులు ఒడిలో పెట్టుకుని కార్డు విసరలేం కదా. డీఆర్‌ఓలో ఫలానా పని చేయాలని లేదు, అనుకున్న సమయం పాటు విసరకుండా ఉంటే చాలు.

నన్ను ముంచిన రెండోది మెజర్‌మెంట్, అంటే ప్రవర్తనను కొలవడం. డేటా, గ్రాఫ్‌ల నుంచి 75లో 13 ప్రశ్నలు. పార్షియల్ ఇంటర్వెల్ (ఆ ఇంటర్వెల్‌లో కాసేపు జరిగినా లెక్కే) ఎక్కువ చూపిస్తుంది, హోల్ ఇంటర్వెల్ (మొత్తం జరిగితేనే లెక్క) తక్కువ చూపిస్తుంది అని బట్టీ పట్టాను, కానీ ఎందుకో తెలియదు. ఒక కాగితం తీసుకుని లెక్క వేశాక మళ్లీ మర్చిపోలేదు. 5 నిమిషాలు అంటే 300 సెకన్లు, పదేసి సెకన్ల ఇంటర్వెల్స్ 30. పిల్లవాడు 12 ఇంటర్వెల్స్‌లో ఒక్కో సెకను అరిచాడనుకుందాం. నిజంగా అరిచింది 12 సెకన్లు, 4 శాతం. పార్షియల్ ఇంటర్వెల్ ప్రకారం 30లో 12, అంటే 40 శాతం. హోల్ ఇంటర్వెల్ ప్రకారం సున్నా. ఇప్పుడు తిప్పి చూడండి: ప్రతి ఇంటర్వెల్‌లోనూ 9 సెకన్లు పనిమీదే ఉన్నాడు, ఒక సెకను పక్కకు చూశాడు. నిజానికి 90 శాతం, హోల్ ఇంటర్వెల్ మళ్లీ సున్నా చూపిస్తుంది. అందుకే తగ్గించాలనుకునే ప్రవర్తనకు పార్షియల్, పెంచాలనుకునేదానికి హోల్ వాడతారు. పొరపాటు జరిగినా మన గెలుపును పెంచి చూపించదు. మొమెంటరీ టైమ్ శాంప్లింగ్ ఇంటర్వెల్ చివరి క్షణం మాత్రమే చూస్తుంది. లేటెన్సీ, డ్యూరేషన్, ఐఆర్‌టీ (ఇంటర్‌రెస్పాన్స్ టైమ్)కి ఒక గీత గీసి వరసగా గుర్తులు పెట్టుకోండి: చెప్పినప్పటి నుంచి మొదలెట్టేదాకా, మొదలు నుంచి ముగిసేదాకా, ఒకటి ముగిసి ఇంకోటి మొదలయ్యేదాకా. అంతే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. షేపింగ్‌లో ఒకే ప్రవర్తన మెల్లగా అసలు రూపానికి దగ్గరవుతుంది. చెయినింగ్‌లో వచ్చిన మెట్లనే వరసగా కలుపుతాం. బ్యాక్‌వర్డ్ చెయినింగ్‌లో చివరి మెట్టు పిల్లవాడు చేస్తాడు, ముందువన్నీ మనం సాయం చేసి దాటిస్తాం. ప్రాంప్ట్‌లలో, అంటే మనం చేసే సాయాల్లో, పేర్ల కన్నా ఫేడింగ్ (ఆ సాయాన్ని మెల్లగా తగ్గించడం) ఎటు నుంచి ఎటో చూడండి. ప్రిఫరెన్స్ అసెస్‌మెంట్లు (పిల్లవాడికి ఏది ఇష్టమో కనుక్కోవడం) మూడు నాలుగు రకాలు చేసి చూస్తే చాలు, చదవనక్కర్లేదు. రీఇన్‌ఫోర్స్‌మెంట్ ఎన్నిసార్లకు, ఎంతసేపటికి ఇవ్వాలో చెప్పే షెడ్యూళ్లకు ఒక సాయంత్రం సరిపోతుంది.

కానీ డాక్యుమెంటేషన్, ఎథిక్స్ దగ్గర ఆగండి. ఇప్పుడు అమల్లో ఉన్న అవుట్‌లైన్‌లో ఒకదానికి 10, ఇంకోదానికి 11, కలిపి 75లో 21 ప్రశ్నలు. బిహేవియర్ అక్విజిషన్‌కు, అంటే కొత్త ప్రవర్తనలు నేర్పే భాగానికి, 19. ఈ లెక్క నేను మొదటిసారి చూడనే లేదు. ఎథిక్స్ మంచి మనసుతో రాసేస్తే వచ్చేది కాదు. తల్లి కన్నీళ్లు పెట్టుకుని, ఇంట్లో ఈ ప్రోగ్రామ్ ఇలా మారిస్తే పర్వాలేదా అని అడిగితే సలహా చెప్పాలనిపిస్తుంది. చెప్పకూడదు, సూపర్‌వైజర్‌కు చేరవేయాలి. బహుమతికి 10 డాలర్ల హద్దు ఉంది, అదీ తరచుగా కాదు, కృతజ్ఞతగా ఎప్పుడో ఒకసారి. నోట్స్‌లో "కోపం వచ్చింది" అని రాయకూడదు, "కార్డులు 3 సార్లు నేలకేసి కొట్టాడు" అని రాయాలి. కోపం మన ఊహ, మూడు సార్లు మనం చూసింది.

హైస్కూల్ చదువుంటే రాయగలిగే పరీక్ష, పీజీ చేసి ఎలా తప్పావు అని నన్ను నలుగురు అడిగారు. నాకు బాధ కలిగింది, ఇప్పటికీ ఉంది. అర్హత చిన్నది కావచ్చు, పని చిన్నది కాదు. రేపు మనం తప్పుగా రాసిన చుక్క చూసి ఒక పిల్లవాడి ప్లాన్ మారుతుంది. పీజీలో నేను చదివింది వేరు. ఇక్కడ అడిగేది చూసింది చూసినట్టు రాయగలవా అని. తప్పాక 7 రోజులకే మళ్లీ రాయొచ్చు, ఏడాదిలో 8 సార్లు దాకా అవకాశం ఉంది. నేను తొందరపడలేదు. ఇంకో రెండు వందల కార్డులూ రాయలేదు. రోజూ గంటన్నర, ఫోన్ వేరే గదిలో పెట్టి, ఆ రోజు సెషన్‌లో చూసిన ఐదు సంఘటనలు పేర్లు లేకుండా రాసుకుని ఏబీసీగా (ముందు ఏముంది, ఏం చేశాడు, తర్వాత ఏం జరిగింది) విడదీశాను. మాక్ టెస్టుల్లో 90 శాతం వస్తోందని సంబరపడేవాళ్లను చూస్తున్నాను. అవే ప్రశ్నలు మూడోసారి చేస్తే ఎవరికైనా 90 వస్తుంది. అలసిపోయిన రోజున కూడా ఆ ఐదూ రాయాలి. రాయని రోజులు నాకు నాలుగే ఉన్నాయి.

పరీక్ష రోజు ఈసారి 84 నిమిషాలు కూర్చున్నాను. 14 ప్రశ్నలకు గుర్తు పెట్టుకుని వెనక్కి వచ్చాను. వాళ్లిచ్చిన బోర్డు మీద రెండు గడులు గీశాను: పెరిగిందా తగ్గిందా, చేరిందా పోయిందా. ఆ పద్నాలుగింటిలో మూడు జవాబులు మార్చాను. మూడింటిలోనూ నేను మొదట చూసింది పెద్దవాళ్ల ముఖమే.