దూలగొండి గింజలు, ఎలుకలు, పార్కిన్సన్స్

వరంగల్‌లో ఫార్మసీ పరిశోధన విద్యార్థిగా ఈ మధ్య నా సమయమంతా ఎలుకల గదిలోనే గడుస్తోంది. పార్కిన్సన్స్ జబ్బులో కనిపించేలాంటి బిగువును తెప్పించే హాలోపెరిడాల్ అనే మందు ఇచ్చిన ఎలుక ముందుకాళ్లను ఒక కడ్డీ మీద ఉంచితే, దిగే ప్రయత్నమే లేకుండా, మీసాలు మాత్రం కదుపుతూ అలాగే నిలబడిపోతుంది. అది కాళ్లు దించేదాకా స్టాప్‌వాచ్ పట్టుకుని చూస్తూ కూర్చోవడం మనసుకు కష్టంగానే ఉంటుంది. నైతిక సంఘం అనుమతించిన సంఖ్యకు మించి ఒక్క ఎలుకనూ వాడకూడదన్న నియమం ఎంత అవసరమో అక్కడే అర్థమవుతుంది.

దూలగొండి గింజల సారం ఇచ్చాక ఆ బిగువు సడలితే సంతోషం కలుగుతుంది. కానీ ఆ గింజల్లో ఈ జబ్బుకు వాడే మందైన లెవోడోపా ఉందని దామోదరన్, రామస్వామి అనే శాస్త్రవేత్తలు 1937లోనే చూపించారు కాబట్టి, అంతే మోతాదు శుద్ధ లెవోడోపా ఇచ్చిన ఎలుకలతో పోల్చకుండా దాన్ని మొక్క ప్రత్యేకతగా రాయడం న్యాయం కాదు. పైగా హాలోపెరిడాల్, కదలికలకు అవసరమైన డోపమైన్ అనే మెదడు రసాయనాన్ని అందుకునే గ్రాహకాలను కొంతసేపు అడ్డుకుంటుందే తప్ప నాడీకణాలను చంపదు. ఈ జబ్బులో లాగా డోపమైన్ తయారుచేసే కణాలు నశించే తీరు చూడాలంటే రోటెనోన్ వంటి విషం వాడాలి. విషానికి ముందే మందు ఇచ్చి కణాలను కాపాడామని చెప్పే ప్రయోగాలు నాకు తృప్తినివ్వవు, ఎందుకంటే మనిషిలో వణుకు కనిపించే నాటికే ఆ కణాల్లో చాలా భాగం పోయి ఉంటుంది.

నర్సంపేటలో ఉండే మా పెద్దబాపుకు ఇదే జబ్బు. మాత్రలు మానేసి గింజల పొడి తీసుకోవచ్చా అని ఆయన అడిగినప్పుడు, లెవోడోపాను ఒక్కసారిగా ఆపితే ఒళ్లు బిగుసుకుపోయి తీవ్ర జ్వరం వచ్చే ప్రమాదముందని, పొడిలో మందు పాళ్లు ఒకే తీరుగా ఉండవని, డాక్టరును అడగకుండా ఏదీ మార్చవద్దని చెప్పాను. వచ్చే దఫా లక్షణాలు మొదలయ్యాకే సారం ఇచ్చే గుంపును చేర్చడానికి మా గైడ్ ఒప్పుకున్నారు.