మల్లిని ప్రదర్శనకు తీసుకెళ్ళాను

నిన్న రాత్రి విజయనగరం నుంచి బొబ్బిలి వచ్చే బస్సులో, ఒళ్ళో కుందేలు బుట్ట పెట్టుకొని కూర్చున్నప్పుడే ఇది రాయాలనుకున్నాను. కొత్తగా కుందేళ్ళ పోటీకి వెళ్ళేవారికి పనికొస్తుంది, నా కడుపుమంటా కాస్త చల్లారుతుంది.

పశువుల ఆసుపత్రిలో ధ్రువపత్రం పది నిమిషాల్లో ఇచ్చారు. గోళ్ళు మా ఆవిడ కత్తిరించింది. కుందేలు 30 డిగ్రీలు దాటితే తట్టుకోలేదు కాబట్టి తెల్లవారకముందే బయలుదేరాను. తెల్లగా కనిపించాలని స్నానం చేయించకండి, బెదిరి ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. చెవులు పట్టుకొని ఎత్తకండి. ఇంతవరకు ఎవరైనా చేయగలరు.

నేను ఊరికే వెళ్ళినవాణ్ని కాదు. ఆరు నెలలు కూర్చొని చదివాను. అమెరికాలో కుందేళ్ళ పెంపకందారుల సంఘం 1910 నుంచి ఉంది. అక్కడ ఎడమ చెవిలో పచ్చబొట్టు నంబరు లేకపోతే పోటీ బల్ల ఎక్కనివ్వరు. బ్రిటన్‌లో వెనక కాలికి ఉంగరం తొడుగుతారు. మా మల్లిది న్యూజిలాండ్ వైట్ అనే తెల్ల కుందేళ్ళ జాతి; దానికి పేరులోనే న్యూజిలాండ్, పుట్టింది అమెరికాలో. మా వీధిలో ఇవి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే.

ఆ చదువే కొంప ముంచింది. న్యూజిలాండ్ వైట్ ఆడది నాలుగున్నర కిలోల నుంచి 5.4 కిలోల దాకా ఉండాలని, మగది 4.1 నుంచి 5 కిలోల లోపు ఉండాలని చదివాను. తొమ్మిది నెలల మా మల్లి కూరగాయల కొట్టు కాటా మీద 4.3 తూగింది. ఆడదానికి ఇది చాలదని రెండు నెలలు నానబెట్టిన శనగలు మేపాను. 4.7కు వచ్చింది. మెడ కింద గంగడోలులా మడత కూడా దిగింది. ఆడ కుందేళ్ళకే అది బాగా దిగుతుందని చదివినవాణ్ని కదా, మురిసిపోయాను.

గరివిడి పశువైద్య కళాశాలలో చదివే మా మేనకోడలు సంక్రాంతికి వచ్చినప్పుడు "ఒకసారి తిప్పి చూడనా మావయ్యా?" అని అడిగింది. "నువ్వు గేదెల సంగతి చూసుకో తల్లీ" అన్నాను. రెండు కుందేళ్ళు కొన్నప్పుడు దుకాణంవాడు రెండూ ఆడవేనని పిల్లల మీద ఒట్టు పెట్టుకున్నాడు. ఇక అనుమానం దేనికి? ఆ పిల్లలు ఎలా ఉన్నారో పాపం.

బల్ల దగ్గర నా వంతు వచ్చింది. న్యాయనిర్ణేతగా కూర్చున్న డాక్టరు గారు మల్లి పళ్ళు చూశారు, చెవుల్లోకి తొంగి చూశారు, బొచ్చును వెనక్కి నిమిరి వదిలారు. తలాడించారు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. తరువాత వెల్లకిలా తిప్పి, తోక దగ్గర రెండు వేళ్ళతో మెల్లగా నొక్కారు. నా కాగితం చూశారు. మళ్ళీ నొక్కారు.

"ఇది మగదండీ."

"కాదండీ, ఆడదే" అన్నాను.

"గుండ్రంగా గొట్టంలా పైకి వచ్చింది, చూడండి. ఆడదైతే తోక వైపుకు చీలికలా కనిపిస్తుంది."

అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. వృషణాలు ఎక్కడున్నాయని అంతమందిలో గట్టిగా అడిగాను. భయపడితే కుందేలు వాటిని లోపలికి లాక్కుంటుందని ఆయన ఓపికగా చెప్పారు. గంగడోలు సంగతి ఎత్తాను. "అది మీరు పెట్టిన కొవ్వు" అన్నారు. బరువు లెక్కలు అప్పజెప్పాను. "మగదానికి ఆ 4.3 చక్కగా సరిపోయేది" అన్నారు. అయినా నేను దిగలేదు.

అప్పుడు వెనక నుంచి తలపాగా చుట్టుకున్న ఒక పెద్దాయన అడిగాడు: "బాబూ, నీ కుందేలుకు కాళ్ళు ఎన్ని?"

"మూడు!" అని అరిచాడు ఎవరి పిల్లవాడో.

అందరూ గొల్లుమన్నారు. డాక్టరు గారు కూడా రుమాలు అడ్డం పెట్టుకున్నారు. మల్లి ఒక్కటే నవ్వలేదు, బల్ల మీద పరచిన గోనె పట్టాను తడిపింది.

తప్పు లింగం కింద నమోదైతే పోటీ నుంచి తప్పిస్తారన్న నియమం నాకు తెలిసిందే, దాని మీద పేచీ లేదు. కానీ మగవాటి వరుసలోకి మార్చమని అడిగితే, పేర్లు రాసుకునే గుమాస్తా తల ఎత్తకుండానే "అయిపోయింది" అన్నాడు. కట్టిన 200 రూపాయలు తిరిగి రావన్నాడు. పొద్దున నేను "ఆడది" అన్నప్పుడు మాత్రం ఒక్క ప్రశ్న వేయలేదు. ఇలాంటివారి ముందు నిలబడితే కొమ్ముల ఎద్దును కూడా ఆవని రాసుకుంటారు.

బస్సులోంచే మేనకోడలికి ఫోను చేశాను. నవ్వుతుందనుకుంటే, "గౌరి ఎలా ఉంది మావయ్యా?" అని అడిగింది. గౌరి మా రెండో కుందేలు. రెండూ ఆడవే కదా, తోడుంటుందని నెల కిందట మల్లి బోనులోనే వేశాను. మల్లి దాని మీద ఎక్కుతుంటే, పెత్తనం కోసం ఆడవి కూడా అలా చేస్తాయని చదివి ఉన్నాను కనుక పట్టించుకోలేదు. రెండు రోజులుగా గౌరి పొట్ట మీద బొచ్చు పీక్కుంటోంది, చర్మవ్యాధి అనుకొని కొబ్బరినూనె రాస్తున్నానని చెప్పాను.

అవతల కాసేపు మాట లేదు.

"ఆ బొచ్చు ఏం చేశారు?"

"ఊడ్చి పారేశాను."

"అది పిల్లల కోసం పరుచుకుంటోంది మావయ్యా. 31 రోజులకు ఈనుతుంది. ఇంటికి వెళ్ళగానే మల్లిని వేరే బోనులో వేసి, గౌరికి గడ్డి పరిచిన పెట్టె ఒకటి పెట్టండి."

రాత్రి పదకొండింటికి పెట్టె ఎక్కడ దొరుకుతుంది? మల్లిని పాత బోనులోకి మార్చి, ప్రదర్శన కోసం 900 పెట్టి కొన్న బుట్టలోనే గడ్డి పరిచి గౌరి దగ్గర పెట్టాను. పొద్దున చూస్తే అందులో ఏడు పిల్లలు, ఒంటి మీద నూగైనా లేకుండా కదులుతున్నాయి. బుట్టకు అంటించిన చీటీ ఇంకా ఊడలేదు: 14వ నంబరు, ఆడ విభాగం.