పావురం కోసం పడవెక్కాను

హైదరాబాద్‌లో మా బాల్కనీకి పావురాల బెడద భరించలేక మొన్న సంక్రాంతికే వల కట్టించాం. అలాంటిది మారిషస్‌ దాకా వచ్చి, బీచ్ మానేసి, పావురాన్ని చూడ్డానికి వెళ్దామంటే మా ఆవిడ చూసిన చూపు నేనింకా మర్చిపోలేదు.

వెళ్లింది మహెబూర్ దగ్గరున్న ఇల్ ఒజెగ్రెట్ దీవికి. తీరం నుంచి కిలోమీటరు కూడా ఉండదు. మొత్తం 26 హెక్టార్లు, మన లెక్కలో 64 ఎకరాలు. రేవు దాకా దింపిన టాక్సీ డ్రైవర్ పూర్వీకులు తెలుగువాళ్లే, కోరంగి నుంచి ఓడెక్కారట. ఆయనకి తెలుగు రెండు ముక్కలే వచ్చు. కానీ ఉగాదికి ఇక్కడ దేశమంతా సెలవని మాత్రం రెండుసార్లు చెప్పాడు.

దీవి నేలంతా పగడపు సున్నపురాయి. చెప్పులతో వెళ్లి అనుభవించాను. ఎబొనీ చెట్ల కింద నడుస్తుంటే గైడు అమ్మాయి చటుక్కున ఆగి పైకి చూపించింది. కొమ్మ మీద గులాబీ పావురం. తలా రొమ్మూ లేత గులాబీ, రెక్కలు మట్టిరంగు, తోక ఇటుకరంగు, పారాణి పెట్టినట్టు కాళ్లు. కాలికి రంగుల కడియాలు.

1990 ప్రాంతంలో అడవిలో ఇవి మిగిలింది పదో పన్నెండో. చెరకు కోసం అడవి కొట్టేశారు. మనుషుల వెంట వచ్చిన ఎలుకలు, పిల్లులు, ముంగిసలు, కోతులు గుడ్లనీ పిల్లల్నీ వదల్లేదు. ఈ మాంసం తింటే మత్తెక్కుతుందని జనం నమ్మేవారట. ఆ భయమే కొన్నిటిని కాపాడిందేమో అనిపించింది. ఇదే వంశపు డోడోకి ఆ అదృష్టం పట్టలేదు.

బోనుల్లో పెంచిన జంటలకి పొదగడం సరిగ్గా చేతకాకపోతే, ఆ గుడ్లు తీసి పెంపుడు గువ్వల కింద పెట్టారట. మా అమ్మమ్మ కోడి కింద బాతు గుడ్లు పెట్టినట్టే! తమాషా ఏమిటంటే, బయటినుంచి తెచ్చి ఈ దేశంలో వదిలిన గువ్వలే వీటికి గొంతు జబ్బు అంటిస్తున్నాయి. తల్లీతండ్రీ గొంతులో ఊరే పాలలాంటి ద్రవాన్ని వాటి నోటినుంచి తాగే పిల్లలు దాంతోనే ఎక్కువ పోతాయి. అందుకే దాణా పెట్టే చోట్ల శుభ్రత మీద అంత పట్టుదల. ఇలాంటి చాకిరీ వల్లే ఇప్పుడు కొన్ని వందలయ్యాయి. 2018లో ప్రమాద స్థాయిని ఒక మెట్టు తగ్గించారు కూడా.

మా బాల్కనీ వల సంగతి చెబితే ఆ అమ్మాయి పడీపడీ నవ్వింది. అంతలోనే బైనాక్యులర్స్ ఎత్తి కడియాల రంగులు చూసి, టైముతో సహా నోట్‌బుక్‌లో రాసుకుంది.

"రెండు రోజులుగా కనపడలేదు ఇది. టెన్షన్ పెట్టేసింది" అంది.