సూక్ష్మదర్శిని కింద కొబ్బరినూనె, 5సీబీ

జనవరి
సూక్ష్మదర్శినికి పోలరాయిడ్ (ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే పోనిచ్చే పొర) ముక్కలు రెండు అమర్చాను: ఒకటి దీపం మీద, ఒకటి కంటికటకం మీద. పైదాన్ని తిప్పుతూ పోతే వెలుగు పూర్తిగా ఆరిపోయే చోటు వస్తుంది. అక్కడ ఆపాలి. ఆ చీకట్లో నీటిచుక్క పెట్టినా, కరిగిన కొబ్బరినూనె పెట్టినా నలుపే. వాటి అణువులు తలోదిక్కుకూ తిరిగి ఉంటాయి కనుక కాంతి ధ్రువణం, అంటే అది కంపించే దిశ, మారదు. తెల్లవారుజామున పేరుకున్న నూనెలో మాత్రం స్ఫటికాలు తెల్లగా మెరిశాయి. 24 డిగ్రీల ప్రాంతంలో కరిగాక అదీ నలుపే.

ఫిబ్రవరి
5సీబీ అనే ద్రవస్ఫటికం చేతికొచ్చింది. 1970ల తొలినాళ్లలో ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో జార్జ్ గ్రే బృందం రూపొందించిన పదార్థమిది. ఇదీ 24 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, కానీ నల్లబడదు! చుక్క ధారాళంగా పారుతోంది, అయినా అందులో రంగులూ, వాటి మధ్య నల్లటి పాయలూ కదులుతున్నాయి. ఎంతసేపు చూసినా తనివి తీరలేదు.

తేడా అంతా అణువు ఆకారంలో ఉంది. కొబ్బరినూనె అణువులో గ్లిజరాల్‌కు మూడు పొడవాటి గొలుసులు వేలాడుతుంటాయి. కరిగితే అవి ఎటుపడితే అటు వంగుతాయి. 5సీబీలో రెండు బెంజీన్ వలయాలు నేరుగా కలిసి గట్టి కడ్డీ అవుతాయి. ఒక కొసన సయానో సమూహం (కార్బన్, నైట్రోజన్ జంట), రెండో కొసన ఐదు కార్బన్ల తోక, మొత్తం పొడవు సుమారు 2 నానోమీటర్లు. కరిగినప్పుడు ఈ కడ్డీలు తమ స్థానాలను వదిలేస్తాయి గాని దిశను వదలవు. పక్కపక్కన జారుతూనే ఇంచుమించు ఒకే వైపు చూస్తుంటాయి. దీన్నే నెమాటిక్ దశ అంటారు.

మార్చి
గాజుపలక మీద పాలీవినైల్ ఆల్కహాల్ పలుచగా పూసి, ఆరాక మెత్తటి గుడ్డతో ఒకే దిశలో రుద్దాను. అలాంటి రెండు పలకలను రుద్దిన దిశలు కలిసేలా పెట్టి, మధ్యలో చుక్క వేస్తే పాయలు చాలావరకు పోయాయి. రుద్దిన దిశ పోలరాయిడ్‌కు 45 డిగ్రీల్లో ఉంటే నిండు వెలుగు, సమాంతరంగా ఉంటే చీకటి. చేతి తొడుగులు తప్పనిసరి. తుడిచిన గుడ్డను సింకులో ఉతకకూడదు.

మే
విజయవాడ ఎండలకు మధ్యాహ్నం గది 35 డిగ్రీలు దాటింది. 5సీబీ ఇప్పుడు మామూలు ద్రవం, పూర్తిగా నలుపు. అణువు అదే, కడ్డీ అదే, పోయింది దిశ ఒక్కటే. పూర్తి క్రమానికి 1, క్రమం లేకపోతే 0 అనుకుంటే, 35 దగ్గర అది సుమారు 0.3 నుంచి ఒక్కసారిగా 0కు పడిపోతుంది. ఈ మార్పు చూడాలంటే పలకకు ఉష్ణమాపకం తాకించి, వేడెక్కని ఎల్ఈడీ దీపమే వాడాలి.

ఇక రెండు పలకల రుద్దిన దిశలను లంబంగా పెట్టి చూడాలి. ఆ పని రాత్రిపూట కూలర్ వేసుకునే.