బడి వర్క్‌షాపులో రంపం కంటే ధూళికే నేను ఎక్కువ భయపడతాను

ఇంగ్లండ్ బడుల్లో డిజైన్ అండ్ టెక్నాలజీ అనే సబ్జెక్టు 1990 నుంచి జాతీయ పాఠ్యప్రణాళికలో ఉంది. పదకొండేళ్లకు సెకండరీ బడిలో చేరిన పిల్లలు ఈ తరగతిలో చెక్క కోస్తారు, అక్రిలిక్ రేకును వేడిచేసి వంచుతారు, చిన్న చిన్న సర్క్యూట్లకు సోల్డరింగ్ చేస్తారు. అలాంటి ఒక వర్క్‌షాపులో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను కనుక, ఇక్కడి భద్రతా ప్రమాణాల గురించి నాకు తెలిసినంత మేరకు వివరంగా రాయాలనిపించింది.

మూలంలో ఉన్నది 1974 నాటి ఆరోగ్య, భద్రతా చట్టం. యంత్రాల వాడకానికి 1998 నాటి నిబంధనలు, ప్రమాదకర పదార్థాలకు 2002 నాటి కాష్ (COSHH) నిబంధనలు దాని కింద వచ్చాయి. వీటన్నిటినీ బడి వర్క్‌షాపుకు వర్తింపజేసి చెప్పేది బీఎస్ 4163 అనే బ్రిటిష్ ప్రమాణం. అది చట్టం కాదు, ఆచరణ నియమావళి మాత్రమే. అయినా ఏదైనా జరిగినప్పుడు బడి తగిన జాగ్రత్త తీసుకుందా లేదా అని చూసేవారు ముందుగా తెరిచేది దానినే. ఒక ఉపాధ్యాయుడి పర్యవేక్షణలో ఇరవై మందికి మించి పిల్లలు ఉండకూడదని అది సూచిస్తుంది. స్కాట్లాండ్‌లో ప్రాక్టికల్ తరగతులకు ఈ పరిమితి ఉపాధ్యాయుల సేవా నిబంధనల్లోనే ఉంది కానీ, ఇంగ్లండ్‌లో చట్టబద్ధమైన పరిమితి లేదు. నా దృష్టిలో ఇది పెద్ద లోపం. ఎంత అనుభవమున్న ఉపాధ్యాయుడైనా, ఒక మూల డ్రిల్లు, మరో మూల సోల్డరింగ్ ఐరన్లు నడుస్తున్న గదిలో ముప్పై జతల చేతులను ఒకేసారి కనిపెట్టి ఉండలేడు.

కంటికి కనిపించే ప్రమాదాల విషయంలో మాత్రం ఇక్కడి బడులు మంచి క్రమశిక్షణ పాటిస్తాయి. స్తంభానికి నిలువుగా బిగించి ఉండే పిల్లర్ డ్రిల్లునే తీసుకోండి. పలుచని రేకును చేత్తో పట్టుకుని బెజ్జం వేస్తే, బిట్టు అవతలి వైపుకు దిగే క్షణంలో రేకును పట్టేసి గిర్రున తిప్పుతుంది, దాని అంచు వేళ్లను కోసేస్తుంది. అందుకే ఏ వస్తువునైనా ముందు వైస్‌లో బిగించాలి, వైస్ కూడా కదలకుండా చూడాలి. బిట్టును బిగించడానికి వాడే చక్ తాళంచెవిని తీయడం మరిచి స్విచ్చి వేస్తే అది తుపాకీ గుండులా ఎగిరివస్తుంది కనుక, వదిలేస్తే దానంతటదే బయటికి వచ్చేసే స్ప్రింగు తాళంచెవులు వాడతాం. జడను ముడి వేసుకోవాలి, యూనిఫాం టై చొక్కాలోకి దోపుకోవాలి. మరొకచోట చేతిని కాపాడే చేతి తొడుగులు ఇక్కడ నిషిద్ధం, ఎందుకంటే తిరిగే బిట్టు తొడుగు అంచును అందుకుందంటే దానితోపాటు చేతినీ లాక్కుంటుంది. గోడల మీద ఎర్రటి అత్యవసర బటన్లు ఉంటాయి. ఏ ఒక్కటి నొక్కినా యంత్రాలన్నిటికీ కరెంటు ఆగిపోతుంది, ఉపాధ్యాయుడు తాళంచెవి తిప్పి మళ్లీ ఇచ్చేదాకా రాదు.

ఇంత శ్రద్ధ ధూళి విషయంలో కనిపించకపోవడమే నా బాధ. గట్టి చెక్క ధూళి ముక్కు క్యాన్సర్‌కు కారణమవుతుందని, ఏ చెక్క ధూళి అయినా ఉబ్బసం తెప్పించగలదని ఎప్పుడో తేలింది. ఎనిమిది గంటల సగటున ఘనపు మీటరు గాలిలో గట్టి చెక్క ధూళి 3 మిల్లీగ్రాములు మించకూడదని 2020 నుంచి పరిమితి ఉంది. మెత్తటి చెక్కకు 5. బడుల్లో విరివిగా వాడే ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసిన పలక) ధూళి మరీ సన్నం, పైగా అందులో ఫార్మాల్డిహైడ్ జిగురు ఉంటుంది. ధూళిని పుట్టిన చోటే లాగేసే ఎక్స్‌ట్రాక్షన్ వ్యవస్థను కనీసం 14 నెలలకు ఒకసారి పరీక్షించి, ఆ నివేదికలను అయిదేళ్లు భద్రపరచాలని కాష్ నిబంధనలు చెబుతాయి. కానీ పరీక్ష నెగ్గిన స్టిక్కరు యంత్రం మీద ఉన్నంత మాత్రాన రోజువారీగా అది సరిగ్గా లాగుతోందని అనుకోలేం. ఒకే ఫ్యానుకు నాలుగైదు యంత్రాల గొట్టాలు కలిసి ఉంటాయి. వాడని యంత్రాల దగ్గర షట్టర్లు తెరిచి వదిలేస్తే, చెక్కను నునుపు చేసే శాండింగ్ డిస్కు దగ్గర గాలి లాగుడు పడిపోతుంది. సంచీ నిండినా అంతే. సాయంత్రం చీపురుతో ఊడిస్తే అప్పటిదాకా నేల మీద ఉన్న ధూళి మళ్లీ ఊపిరితిత్తుల ఎత్తుకు లేస్తుంది, అందుకే ఈ ధూళి కోసం ఉద్దేశించిన ఎం తరగతి వాక్యూమ్ వాడాలి. పిల్లలు వారానికి ఒకటి రెండు గంటలే ఆ గదిలో ఉంటారు. వారికోసం పలకలు కోసి సిద్ధం చేసే టెక్నీషియన్లు ఏళ్ల తరబడి ఆ గాలే పీలుస్తారన్నది చాలా బడుల యాజమాన్యాలకు స్ఫురించదు.

ఇదంతా మనవాళ్ల కోసం రాయడానికి కారణం కేంద్ర ప్రభుత్వం బడుల్లో పెట్టిస్తున్న ప్రయోగశాలలైన అటల్ టింకరింగ్ ల్యాబులు. 2016 నుంచి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎన్నో బడులకు ఇవి వచ్చాయి. ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లలు అక్కడ సోల్డరింగ్ ఐరన్లు, త్రీడీ ప్రింటర్లు వాడుతున్నారు. సోల్డరింగ్ తీగలో ఉండే చెట్టు బంక లాంటి రోజిన్ కాలినప్పుడు వచ్చే తెల్లటి పొగ ఉబ్బసానికి పేరుమోసిన కారణం. పిల్లలు తల వంచి చూసే పని కనుక అది నేరుగా ముఖంలోకే వస్తుంది. బడికి ఇచ్చే 20 లక్షల రూపాయల గ్రాంటులో కొంత ఆ పొగను లాగే పరికరానికి కేటాయించాలని నా మనవి. అది కుదిరేదాకా బల్లను కిటికీ పక్కకు జరిపి, పొగను పిల్లల ముఖాలకు దూరంగా బయటికి తోసేలా ఒక ఫ్యాను పెట్టాలి, సోల్డరింగ్ చేసే పిల్లలు ఒకేసారి నలుగురైదుగురికి మించకుండా చూసుకోవాలి.