అసెసర్ ఆఫీసు జీతాలు ఎవరివి, ఫలితం ఎవరిది?

కాలిఫోర్నియాలో ఆస్తిపన్నులో పెద్ద వాటా బడులకి పోతుంది. మిగతాది సిటీలు, స్పెషల్ డిస్ట్రిక్టులు (నీళ్ళు, ఫైర్ లాంటి ఒక్కో సేవకి ఏర్పడ్డ స్థానిక సంస్థలు), కౌంటీ పంచుకుంటాయి. ఆ పన్నుకి విలువ కట్టే అసెసర్ ఆఫీసు ఖర్చు మాత్రం కౌంటీ జనరల్ ఫండ్ నుంచే పోవాలి. 1990 నాటి ఎస్‌బీ 2557 చట్టం వచ్చాక సిటీల నుంచీ, డిస్ట్రిక్టుల నుంచీ వాటా ప్రకారం రాబట్టుకోవచ్చు గానీ, బడులకి మినహాయింపు. వాళ్ళ వంతు కూడా కౌంటీ నెత్తినే. బడ్జెట్ బిగుసుకున్నప్పుడు, కౌంటీని నడిపే సూపర్‌వైజర్ల బోర్డుకి (చాలా కౌంటీల్లో ఐదుగురు) ఇక్కడి ఖాళీలు నింపబుద్ధి కాదంటే, నా లెక్కన, ఇదే కారణం. 2014లో రాష్ట్రం కొన్ని కౌంటీలకి మూడేళ్ళ పైలట్‌గా డబ్బిచ్చింది. శాశ్వత ఏర్పాటు అది కాదు.

డబ్బు దొరికినా మనుషులు వెంటనే దొరకరు. ఆస్తుల విలువ కట్టే అప్రైజర్‌కి, ఆస్తిపన్ను వ్యవహారాలు చూసే రాష్ట్ర బోర్డ్ ఆఫ్ ఈక్వలైజేషన్ సర్టిఫికెట్ ఉండాలి. తాత్కాలిక సర్టిఫికెట్‌తో చేరినవాళ్ళు ఏడాదిలోగా పరీక్ష గట్టెక్కాలి, ఆపైన ఏటా 24 గంటల శిక్షణ. పని ఎక్కువయ్యేదేమో మార్కెట్ పడినప్పుడు: ప్రపోజిషన్ 8 (మార్కెట్ ధర పడితే పన్ను విలువని తాత్కాలికంగా తగ్గించే నియమం) కింద విలువ తగ్గించిన ప్రతి ఇంటినీ, పాత విలువకి చేరేదాకా ఏటా మళ్ళీ చూడాలి. కౌంటీ ఆదాయం పడిపోయి నియామకాలు ఆపేసేదీ సరిగ్గా అప్పుడే.

ఆ కొరత సామాన్యుడికి కనిపించేది సప్లిమెంటల్ బిల్లులో, అంటే ఇల్లు చేతులు మారాక పెరిగిన విలువ మీద విడిగా వచ్చే పన్ను బిల్లులో. డీడ్ రిజిస్టరయ్యాక, దాంతోపాటు ఇచ్చిన యాజమాన్య మార్పు ఫారం చూసి, ఇది మళ్ళీ విలువ కట్టాల్సిన బదిలీయా కాదా అని ఒకరు తేల్చాలి. ఆ తర్వాతే అప్రైజర్ చేతికి వెళ్తుంది. ఫారంలో ఒక గడి ఖాళీగా వదిలేసినా ఉత్తరాలు నడిచి, ఫైలు వెనకబడుతుంది. బేస్ విలువ (పాత ఓనరుకి పన్ను లెక్కేస్తున్న విలువ) 5 లక్షల డాలర్లున్న ఇంటిని అక్టోబరులో 15 లక్షలకి కొన్నారనుకోండి. తేడా 10 లక్షలు, ఒక శాతం చొప్పున ఏడాదికి 10,000 డాలర్లు. నవంబరు 1 నుంచి, ఆర్థిక సంవత్సరం ముగిసే జూన్ 30 దాకా 0.67 వంతు, అంటే 6,700. స్థానిక బాండ్ల పన్ను దీనికి అదనం. జనవరి-మే మధ్య కొంటే రెండు బిల్లులొస్తాయి. ఇవి నేరుగా ఇంటి ఓనరుకే వస్తాయి. ఇంపౌండ్ ఖాతా (పన్ను కోసం నెలనెలా లోను వాయిదాతో బ్యాంకు పక్కన పెట్టే డబ్బు) ఉంది కదా, బ్యాంకు కట్టేస్తుందిలే అనుకుని ఊరుకుంటే పెనాల్టీ పడుతుంది. ఆలస్యంగా వచ్చినంత మాత్రాన బిల్లు తగ్గదు, కాబట్టి ఆ మొత్తం ముందే పక్కన పెట్టుకోండి.

కట్టిన విలువ ఎక్కువని ఓనర్లు వేసే అప్పీళ్ళలో ఆలస్యం కౌంటీకే ఎదురు తిరుగుతుంది. గడువులోగా వేసి, అడిగిన వివరాలన్నీ ఇచ్చిన అప్పీలుని కౌంటీ అప్పీళ్ళ బోర్డు రెండేళ్ళలో తేల్చకపోతే, దరఖాస్తులో మీరు రాసిన విలువనే పన్నుకి తీసుకోవాల్సి వస్తుంది. అందుకే గడువు దగ్గరపడే కొద్దీ, రెండేళ్ళ హక్కు వదులుకుంటున్నట్టు సంతకం పెట్టమని కాగితం రావచ్చు. అది ఇరుపక్షాలూ ఒప్పుకుంటేనే చెల్లుతుంది. మీరు పెట్టి తీరాలని ఎక్కడా లేదు.