నాయనమ్మ జడ

మా నాయనమ్మ ట్రంకు పెట్టె అడుగున, పాత జాకెట్టు గుడ్డలో చుట్టిన జడ ఒకటి ఉంది. సవరం కాదు, ఒకేసారి కోసిన జడ. ఆవిడది జగ్గంపేట వైపు మెట్ట ఊరు. రాజోలు దగ్గర వశిష్ఠ ఒడ్డుకి కాపురానికొచ్చిన రెండేళ్ళకి టైఫాయిడ్ వచ్చి గుండు చేయించారు. మొన్న "జుట్టుకి స్టీలు సామాన్లూ" అని అరుచుకుంటూ వచ్చినతనికి అమ్మ దాన్ని ఇవ్వబోతే లాక్కున్నాను.

కెమిస్ట్రీ పాఠాలు చెప్పుకునేదాన్ని, ఊరుకుంటానా? ఒక పాయ విప్పి కొలిచాను. 60 సెంటీమీటర్లు. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి ఐదేళ్ళ జుట్టు. బయటికొచ్చిన వెంట్రుక ఇక మారదు, ఆ నాటి తిండి గుర్తు అందులో ఉండిపోతుంది. జొన్నలు, చోళ్ళు, గంట్లు గాలిలోంచి కార్బన్ పట్టుకునే తీరు వేరు, వరిది వేరు. జొన్నకూడు తిన్నవాళ్ళ జుట్టులో కార్బన్-13, అంటే కార్బన్‌లోనే బరువైన రకం, కాస్త ఎక్కువ. అంటే కొస వైపంతా మెట్ట, మొదలు వైపు వరి అన్నం. చేపలు ఎక్కువ తింటే నైట్రోజన్‌లో బరువైన రకం, నైట్రోజన్-15, కూడా పెరుగుతుంది. పుట్టింట్లో నీచు ఎప్పుడో గానీ ఉండేది కాదట, ఇక్కడేమో రోజూ పరిగెల పులుసు. "మొదట్లో వాసనకే కడుపులో తిప్పేదే" అనేది. తర్వాత మా అందరికంటే ముళ్ళు శుభ్రంగా ఏరింది ఆవిడే.

1999లో అర్జెంటీనాలో, 6,739 మీటర్ల యుయైయాకో శిఖరం మీద దొరికిన, దక్షిణ అమెరికా ఇన్కా సామ్రాజ్యం నాటి పిల్ల జుట్టుని ఇలాగే చదివారు. చనిపోయే ముందు ఏడాది నుంచీ తిండి మారింది, మొక్కజొన్న (కార్బన్ పట్టడంలో ఇదీ జొన్న తీరే), మాంసం పెరిగాయి. బలికోసం మేపారన్నమాట. మా నాయనమ్మది జొన్న నుంచి వరికి, తిరగేసిన దారి. ఇద్దర్నీ ఎవరూ అడిగి ఉండరు.

నాకు చూడాలనుంది మాత్రం ఆ జ్వరం నెల. లంఖణాలు పెడితే ఒళ్ళు తన కండనే కరిగించుకుంటుంది, అప్పుడూ నైట్రోజన్-15 పెరుగుతుంది. కానీ జడ కోసింది అల్లిక మొదలైన చోట. తలకి అంటుకున్న నాలుగు వేళ్ళ జుట్టు, అంటే జ్వరమూ, అంతకుముందు కొన్ని నెలలూ, మంగలి కత్తికి పోయాయి.

పరీక్షకి చిన్న ముక్క చాలు, కాకపోతే దాన్ని కాల్చి గ్యాస్ చెయ్యాలి. అమ్మతో అంటే "కాల్చి చదివే చదువేంటే?" అంది. జడ మళ్ళీ జాకెట్టు గుడ్డలోకే వెళ్ళింది. మొదలేదో కొసేదో తెలియాలని మొదలు వైపు ఎర్రదారం కట్టాను.